బాణం కిందికి

కారు సర్వీసింగ్ చేసినవాళ్ళు ఏసీ ఫిల్టర్ మార్చామని బిల్లులో రాశారు. మార్చిన మాట నిజమే, కొత్తదే వేశారు. కానీ తిరగేసి వేశారు. ఇంత చిన్న సంగతికి ఈ రాత్రిపూట టైపు చేస్తూ కూర్చోవాలా అని ఒక మాట అనేసి ఈయన పడుకున్నారు. నాకు నిద్ర పట్టేలా లేదు. రాసేస్తే గానీ తీరదు.

మధ్యాహ్నం నాన్నని కంటి డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాను. చుక్కలు వేశారు కదా, ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. రోజూ వచ్చే దారిలో రోడ్డు తవ్వి పెట్టారు, మిర్చి యార్డు పక్కగా రావాల్సి వచ్చింది. కొత్త పంట దిగుతున్న రోజులాయె. లారీలు, ట్రాక్టర్లు, వాటి మీద గుట్టలు గుట్టలుగా టిక్కీలు, అదే మిర్చి బస్తాలు. గుంటూరు వాళ్ళకి ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి. అయినా ఘాటు లోపలికి వచ్చేసింది. వెంటనే బయటి గాలి రాకుండా బటన్ నొక్కాను, లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరిగేలా. గొంతులో గరగర తగ్గలేదు. నాన్న కళ్ళు తెరవకుండానే దగ్గు అందుకున్నారు. ఆ దగ్గు ఒకసారి మొదలైతే ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు తాగేదాకా ఆగదు.

"అమ్మాయ్, అద్దం దింపావా?" అన్నారు.

దింపలేదు. అదే నన్ను తొలిచేసింది. మా కారులో లోపలి గాలి తిరిగేటప్పుడు కూడా అదే ఫిల్టర్ గుండా పోతుంది. ఫిల్టర్ సరిగ్గా ఉంటే కాసేపటికి ఘాటు తేలిపోవాలి. యార్డు దాటి ఎంత దూరం వచ్చినా పోలేదు. పైగా సర్వీసింగ్ నుంచి వచ్చినప్పటి నుంచీ ఏసీ ఫ్యాను కాస్త పెంచితే సన్నగా ఈల వినిపిస్తోంది. కొత్త ఫిల్టర్ కదా, బిగువుగా ఉండి అలా వస్తోందేమో, సర్దుకుంటుందిలే అని ఈయన అన్నారు. ఏ ఫిల్టరూ దానంతట అది సర్దుకోదు.

నాన్నని పడుకోబెట్టి కిందికి వెళ్ళి గ్లవ్‌బాక్స్ ఖాళీ చేశాను. ఇన్సూరెన్స్ కాగితాలు, బుజ్జిగాడి చాక్లెట్ కాగితాలు, నాన్న మందుల చీటీలు. మాది హ్యుందాయ్ ఐ20 కాబట్టి పని తేలికే. బాక్స్ తెరిచి లోపల రెండు పక్కలా ఉన్న అడ్డుబిళ్ళలు తీస్తే బాక్స్ మొత్తం కిందికి వాలిపోతుంది. దాని వెనక నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఫోన్ టార్చి వేసి చూస్తే ఆ మూత ఒక పక్క క్లిప్పులో పడనే లేదు. చిటికెన వేలి గోరు దూరేంత సందు. ఈల ఎక్కడి నుంచి వస్తోందో అక్కడే తెలిసిపోయింది. మూత తీసి ఫిల్టర్ బయటికి లాగాను. మడతల మధ్య బూడిదరంగు దుమ్ము, రాలిన వేపపూత రేకులు, ఒక మిరప గింజ, ఎర్రటి పొట్టు. దుమ్మంతా పైవైపే ఉంది, అలా ఉండటం సహజం. ముందు అద్దం కింద జల్లెడలా ఉంటుందే, అక్కడి నుంచి గాలి దిగి, పైనుంచి కిందికి ఫిల్టర్‌లోకి వస్తుంది. కానీ ఫిల్టర్ చట్రం పక్కన 'ఎయిర్ ఫ్లో' అని అచ్చు వేసి ఉన్న బాణం ఆ దుమ్ము వైపే చూస్తోంది. అంటే పైకి. గాలి కిందికి పోతుంటే బాణం పైకి చూస్తోంది.

బాణం ఎటు ఉంటే ఏంటి అనుకోకండి. ఈ ఫిల్టర్ ఒకే పొర కాదు. గాలి వచ్చే వైపు కాస్త వదులు నేత, పెద్ద దుమ్ము అక్కడ ఆగుతుంది. లోపలికి పోయేకొద్దీ నేత దగ్గరవుతుంది, సన్నటి దుమ్ము అక్కడ పట్టుబడుతుంది. తిరగేస్తే ముతక దుమ్మంతా మొదటే సన్నటి పొర మీద పడి తొందరగా మూసుకుపోతుంది. గాలి తగ్గుతుంది, ఫ్యాను మీద భారం పెరుగుతుంది. మా కారు మాన్యువల్‌లోనే రాసి ఉంది, బాణం కిందికి ఉండాలి, లేకపోతే ఏసీ పనితనం తగ్గుతుంది, చప్పుడు కూడా రావచ్చని.

సర్వీసింగ్ వాళ్ళకి ఫోన్ చేశాను. అక్కడి అబ్బాయి అన్న మాటే ఇప్పటిదాకా చెవిలో మోగుతోంది. "ఎలా పెట్టినా గాలి వస్తుంది కదా మేడం. ఫిల్టర్ ఫిల్టరే." గాలి వస్తుంది, నిజమే. కిటికీ తెరిచినా గాలి వస్తుంది! గాలి రావడానికైతే ఆ ఫిల్టర్ దేనికి, దానికి బిల్లులో వేసిన డబ్బు దేనికి? నేను ఇంకా మాట్లాడుతుండగానే "కార్బన్ ఫిల్టర్ వేయించుకోండి మేడం, మిరపకాయ ఘాటు అస్సలు రాదు, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది" అని మొదలుపెట్టాడు. ఉన్నది సరిగ్గా పెట్టలేదని చెబుతుంటే ఇంకోటి అమ్మజూస్తాడేంటి? అసలు మిరప ఘాటు పెట్రోలు వాసనలా గాల్లో ఆవిరైపోయేది కాదు. కారంలోని క్యాప్సైసిన్ ఆ పొట్టునీ దుమ్మునీ అంటిపెట్టుకుని ప్రయాణం చేస్తుంది. దుమ్ము ఆగితే ఘాటు చాలా మటుకు ఆగుతుంది. కార్బన్ పొర పొగ వాసనలకీ మురుగు వాసనలకీ పనికొస్తుంది, వద్దనను. కానీ మూత పక్కన సందు ఉంటే ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా గాలి ఆ సందులోంచే దూరిపోతుంది. అడ్డం లేని దారి దొరికితే గాలి మడతల్లోంచి ఎందుకు పోతుంది?

నాన్న చేతి తువ్వాలు గుర్తొచ్చింది. యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాగా ఉన్న రోజుల్లో నాన్న దగ్గర ఎప్పుడూ ఒక తెల్ల తువ్వాలు ఉండేది. సెలవుల్లో మామయ్యతో కలిసి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు, కళ్ళనీళ్ళు. కాటా దగ్గర ముఠా కూలీలు టిక్కీ మీద టిక్కీ ఎత్తి వేస్తుంటే నేల మీది నుంచి ఎర్రటి పొగ లేచేది. ఒక్కో టిక్కీ నలభై కేజీల పైమాటే. ఒక పక్కన ఆడవాళ్ళు కుప్పల ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతుండేవాళ్ళు, ముక్కు మీదికి కొంగు లాక్కుని. నాన్న మాత్రం తువ్వాలు కట్టుకుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, చీటీల పుస్తకం పట్టుకుని నిలబడేవాళ్ళు. నన్ను చూడగానే కొట్టు వెనక గదిలోకి పంపేసి, బయట దులుపుకుని గానీ లోపలికి వచ్చేవాళ్ళు కాదు.

ఆ తువ్వాలు ఒక మూలకి అమ్మ ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసింది. ఎందుకో నాకు చాలా రోజులు తెలియలేదు, తువ్వాళ్ళు మారిపోకుండా అనుకునేదాన్ని. దారం కనిపించే వైపు బయటికి, రెండోవైపు ముఖానికి, అదీ లెక్క. మధ్యలో అన్నానికి తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకునేటప్పుడు తిరగబడిందంటే ఉదయం నుంచీ పట్టిన కారమంతా ముక్కు మీదికి వస్తుంది. విప్పినప్పుడల్లా దారం చూసుకుని కట్టుకునేవాళ్ళు నాన్న. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా నేరుగా లోపలికి రానిచ్చేది కాదు అమ్మ. దొడ్లో గాలి ఎటు వీస్తోందో చూసి, వీపు గాలికి పెట్టి, దుమ్ము సందు వైపు పోయేలా చొక్కా దులపాలి. చొక్కా, తువ్వాలు వేరే బకెట్లో. ఆ బకెట్ మా బట్టల జోలికి రాకూడదు. ఒకసారి మా పిన్ని తెలియక అందులోనే నా లంగా నానేసింది. ఆ రోజు అమ్మ అరిచిన అరుపులు వీధి వీధంతా విన్నారు, పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు, నాన్న ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగారు. దానికీ ఫిల్టర్‌కీ సంబంధం లేదు గానీ, అమ్మ అరిచింది బకెట్ కోసం కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

సాయంత్రందాకా నా కోపం ఆ మెకానిక్ కుర్రాడి మీద. చట్రం మీద బాణం కనిపించలేదా, చదువుకోలేదా అనుకున్నాను. రాత్రి అన్నాలయ్యాక మాన్యువల్స్ వెతుకుతూ టొయోటా వాళ్ళది చూశాను. అందులో ఫిల్టర్ మీద 'అప్' అని బాణం ఉంటుంది, అది పైకి చూడాలి. అది గాలి పోయే దిక్కు గురించి కాదు, ఫిల్టర్‌ని ఏ వైపు పైకి పెట్టాలో చెప్పడానికి. మాకు సర్వీసింగ్ చేసేది అన్ని కంపెనీల కార్లూ చూసే షెడ్డు. పొద్దున్న టొయోటా ఇన్నోవాలో బాణం పైకి పెట్టిన చేయి మధ్యాహ్నం మా కారులోనూ పైకే పెట్టి ఉంటుంది. రెండూ బాణాలే, చెప్పే సంగతులు వేరు. బయట దొరికే కొన్ని ఫిల్టర్లకైతే బాణమే ఉండదు. అందుకని బాణం సంగతిలో ఆ అబ్బాయిని అంత తిట్టుకోనక్కర్లేదు అనిపించింది. ఎవరైనా ఒకసారి కూర్చోబెట్టి చెబితే అయిపోయే పని.

కానీ మూత? మూత క్లిప్పులో పడితే టక్కుమని చప్పుడు వస్తుంది. పడకపోతే రాదు. దానికి బాణం అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. వేలితో ఒకసారి నొక్కి చూసుకోవాలంతే. గ్లవ్‌బాక్స్ మూసేస్తే ఇక ఎవరికీ కనిపించదు, అందుకే వదిలేశారు. ఈ కోపం మాత్రం పోవడం లేదు. ఆ సందులోంచి దూరిన దుమ్మంతా వెళ్ళి తడిగా ఉండే కూలింగ్ కాయిల్ మీద కూర్చుంటుంది. కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన, ఆ తర్వాత కాయిల్ శుభ్రం చేయాలంటే డ్యాష్‌బోర్డు విప్పాలంటారు. ఆ బిల్లు ఎవరు కడతారు?

ఈయన మాత్రం "తిరగేసి పెట్టేయ్, అయిపోతుంది" అన్నారు. అవ్వదు. ఇన్నాళ్ళూ దుమ్ము పట్టిన వైపు ఇప్పుడు కిందికి వస్తుంది, ఫ్యాను వేయగానే ఆ కారమంతా ఎగిరి నాన్న ముఖాన కొడుతుంది. దులిపి పెట్టుకోవచ్చు, కానీ మడతల్లో ఇరుక్కున్నది ఎంత దులిపినా పోదు. కడిగే రకం కూడా కాదిది. అందుకని ఆటోనగర్‌కి పంపి కొత్తది తెప్పించాను, 450 రూపాయలు. పెట్టేముందు ఆ అరలో రాలిన వేపరేకులు, దుమ్ము సన్నటి బ్రష్షుతో తీసి తడిగుడ్డతో తుడిచాను. బాణం కిందికి పెట్టి తోశాను. ఒక మూల వంగితే బలవంతంగా తోయకుండా బయటికి తీసి మళ్ళీ సమంగా పెట్టాను, ఎందుకంటే వంగిన మూల దగ్గర మళ్ళీ సందే. మూత రెండు పక్కలా టక్కుమంది. చట్రం మీద మార్కర్‌తో తేదీ రాశాను, ఏడాది కాకముందే, ఈ మిర్చి సీజన్ అయిపోగానే ఒకసారి తీసి చూడాలి. ఫ్యాను పూర్తిగా పెంచి చూశాను. ఈల లేదు.

పాత ఫిల్టర్ నాన్నకి చూపించాను. మడతలోంచి ఎర్రటి పొట్టు ముక్క ఒకటి వేలికొసన తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. "సన్నం రకం మిర్చి తొక్క ఇంత పల్చగా ఉండదే. ఇది తేజ రకం" అన్నారు. ఎంత సంబరంగా అన్నారో. చుక్కల మసక ఇంకా పూర్తిగా తగ్గలేదు కూడా.

పొద్దున్నే షెడ్డుకి వెళ్తాను. ఫిల్టర్ డబ్బు వెనక్కి అడుగుతాను, ఇస్తారో లేదో తర్వాత సంగతి. మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి ఆ అబ్బాయికి చూపిస్తాను, మూత సందు సంగతి ఓనరుకే చెబుతాను. నాన్న కూడా వస్తానంటున్నారు. వచ్చేటప్పుడు యార్డు మీదుగా రావాలట, తేజ ధర ఎంత నడుస్తోందో కనుక్కోవాలట. సరేనన్నాను.