మహిళల ప్రపంచకప్ గోడ చార్టు: నాలుగో వారానికి ఎంతవరకు వచ్చింది

తిరుపతిలో అమ్మాయిలు నెట్స్ ఆడే చోట, కిట్లు పెట్టుకునే గది గోడకు తగిలించే చార్టు ఇది. 1973 నుంచి 2025 దాకా జరిగిన 13 వన్డే ప్రపంచకప్‌లు ఒక షీటు, 2009 నుంచి 2024 దాకా జరిగిన 9 టీ20 కప్‌లు ఇంకో షీటు. రెండింటినీ కలిపేస్తే ఆస్ట్రేలియాకు 13 అనే అంకె ఒక్కటే కంటికి ఆనుతుంది. విడిగా రాస్తేనే వన్డేల్లో ఆస్ట్రేలియా 7, ఇంగ్లండ్ 4, న్యూజిలాండ్ 1, భారత్ 1 అని, టీ20లో ఆస్ట్రేలియా 6, మిగతా మూడు ఇంగ్లండ్, వెస్టిండీస్, న్యూజిలాండ్‌లకు తలా ఒకటి అని తేలుతుంది.

మొదటి వారం: గాంధీ రోడ్డులో దొరికే మామూలు తెల్ల చార్టే, 22 బై 28 అంగుళాలది, నిలువుగా. పైన శీర్షికకు 6 సెంటీమీటర్లు, ఒక్కో వరుసకు మూడున్నర. 13 వరుసల కింద మరో మూడు ఖాళీగా వదిలాం, రాబోయే కప్‌ల కోసం. వాటి గీతలు పెన్సిల్‌తోనే.

రెండో వారం: గెలుపు తేడాను పట్టీగా గీయడం. చిక్కంతా ఇక్కడే. మొదట పరుగులనూ వికెట్లనూ ఒకే కొలతతో గీశాం. ఆస్ట్రేలియాకు 2013లో వెస్టిండీస్‌పై 114 పరుగుల గెలుపు 114 మిల్లీమీటర్ల పట్టీ అయితే, 1988లో ఇంగ్లండ్‌పై 8 వికెట్ల గెలుపు 8 మిల్లీమీటర్ల చుక్కలా మిగిలింది. ఆ ఫైనల్ నిజానికి ఏకపక్షం. ఛేజింగ్‌లో గెలిచిన ఫైనల్‌కు మిగిలిన బంతులను కొలతగా పెట్టుకున్నాక వరుస కుదిరింది: బంతికి ఒక మిల్లీమీటరు, గళ్ల పట్టీ. పరుగుల తేడాకు నిండు పట్టీ.

బంతుల లెక్కలో జాగ్రత్త. 1988లో ఆస్ట్రేలియా 44.5 ఓవర్లలో గెలిచింది. 44.5 ఓవర్లంటే నలభై నాలుగున్నర కాదు, 44 ఓవర్ల 5 బంతులు, అంటే 269 బంతులు. అప్పట్లో ఇన్నింగ్స్‌కు 60 ఓవర్లు, 360 బంతులు. కాబట్టి 1988 పట్టీ 91 మిల్లీమీటర్లు. 50 ఓవర్లనుకుని తీసేస్తే 31 వస్తుంది, వరుస మొత్తం అబద్ధమవుతుంది. 1982 కూడా 60 ఓవర్లదే: సరిగ్గా ఒక ఓవర్ మిగిలింది, పట్టీ 6.

1973, 1978లకు పట్టీ లేదు. అప్పుడు ఫైనలే లేదు, పాయింట్లతోనే విజేత. ఆ గడిలో సున్నా వేస్తే సమంగా ముగిసిందనుకుంటారు. అడ్డగీత పెట్టి "పాయింట్లు" అని రాయాలి. 1978లో ఆఖరి మ్యాచ్ ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌ల మధ్య హైదరాబాద్‌లోనే జరిగింది, అదే కప్‌ను తేల్చింది. ఆ వరుస పక్కన హైదరాబాద్ పేరు తప్పకుండా ఉండాలి.

మూడో వారం: రంగులు. భారత్‌కూ ఇంగ్లండ్‌కూ నీలం వేస్తే పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు. భారత్‌కు కాషాయం వేశాం. ఆస్ట్రేలియా పసుపు తెల్ల కాగితం మీద ఆనదు, చుట్టూ నల్ల అంచు గీయక తప్పదు. స్కెచ్ పెన్నుతో ఒక్కసారే, ఒకే దిక్కుకు రాయాలి. తడి మీద మళ్లీ రుద్దితే కాగితం నూగు లేస్తుంది. కార్తీక మాసపు వానల్లో గోడ చెమ్మకు అంచులు చుట్టుకుంటాయి, సెల్లో టేపు ఊడిపోతుంది. అందుకే వెనక అట్ట అంటించి, పైన రెండు రంధ్రాలు చేసి దారంతో వేలాడదీయడం మేలు.

నాలుగో వారం: రన్నరప్ గడులు నింపాం. విజేతల గడికంటే ఇదే ఎక్కువ చెబుతుంది. న్యూజిలాండ్ 1993, 1997, 2009లో ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది, గెలిచిన 2000లో తేడా 4 పరుగులే. భారత్ 2005లో 98 పరుగులతో, 2017లో లార్డ్స్‌లో 9 పరుగులతో ఓడింది. ఆ 9 మిల్లీమీటర్ల నీలం ముక్కకు రెండు వరుసల కిందే 2025 పట్టీ: దక్షిణాఫ్రికాపై 52, నిండు కాషాయం. దీప్తి శర్మ 5 వికెట్లు, షెఫాలీ 87 అని పక్కన చిన్నక్షరాలతో రాశాం. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణిది మన పక్క జిల్లా కడపే. ఆ పేరు మాత్రం పెద్దక్షరాలతోనే.

టీ20 షీటుకు గీతలు పడ్డాయి, రంగులు ఇంకా వేయాలి.