గుంట అరిగిందంటే...

అనంతపురం వైపు పాత కపిల బావి, అంటే ఎద్దులు మోకుతో పెద్ద బానను లాగి నీళ్లు తోడే బావి. పూడిక తీస్తుంటే గట్టు మీది రాతి స్తంభాలు ఈరోజు బయటపడ్డాయి. గిలక ఇరుసు కూర్చునే గుంట గుండ్రంగా లేదు, ఎద్దులు లాగిన వైపుకే కోడిగుడ్డులా అరిగిపోయింది. వేలు పెడితే నున్నగా జారుతోంది.

ఎన్ని బానల నీళ్లు తోడితే రాయి అలా అరగాలి!

లెక్క వేసి చూడండి. ఎకరం మీద అంగుళం నీరు నిలవాలంటే లక్ష లీటర్ల పైమాటే. బానకు 120 లీటర్లు అనుకుంటే దాదాపు 850 సార్లు తోడాలి. నిమిషానికొక బాన చొప్పున పద్నాలుగు గంటలు. అంటే జత ఎద్దులకు రెండు రోజుల పని, అదీ బావిలో ఊట తగ్గకపోతే. అందుకే కపిల కింద మళ్లు అంత చిన్నవి, రాగి లాంటి ఆరుతడి పైర్లే ఎక్కువ.

అసలు పనితనమంతా తాళ్లలో ఉంది. బానకు లావు మోకు, దాని అడుగున నీళ్లు బయటికి పోసే తోలు గొట్టానికి, అంటే తొండానికి, సన్నతాడు. పైకి వచ్చేటప్పుడు తొండం కొస బాన అంచు కంటే దిగకూడదు. సన్నతాడు వదులైతే నీళ్లు దారిలోనే బావిలోకి కారిపోతాయి. బిగుతైతే బరువంతా దాని మీదే పడి తెగుతుంది, లేదా తోలు చిరుగుతుంది. బరువు లాగేకొద్దీ మోకు సాగుతుంది కాబట్టి మధ్యమధ్య ముడి సరిచూడాల్సిందే. ఆముదం పట్టించని తోలు ఒక్క వేసవికే పగులుతుంది.

1900ల తొలి ఏళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆయిల్ ఇంజన్ పంపులు పెట్టించాడు. అయినా చిన్న రైతు చాలాకాలం కపిలనే నమ్ముకున్నాడు. ఇంజన్‌కు సరిపడా ఊట ఆ బావుల్లో ఎక్కడిది?

ఆ స్తంభాలను మాత్రం పగలగొట్టకండి, దయచేసి.