ఇంటి పోకర్‌లో గెలిచిన డబ్బు తిరిగి ఇచ్చేయాలా?

ఇవ్వకూడదు అనే నేనంటాను. ఈ మాట మీద ఈమధ్య మా టేబుల్ దగ్గర పెద్ద వాదనే జరిగింది. "మనలో మనకి డబ్బులేంటి, సరదాగా ఆడుకున్నాం, ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దాం" అన్నారు ఒక వదిన. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆట అయ్యాక డబ్బు తిరిగొస్తుందని తెలిస్తే వచ్చే శనివారం నుంచి అందరూ ఏ ముక్కలొచ్చినా ఆల్-ఇన్ (ఉన్నదంతా పందెం) అంటారు. పోయేదేమీ లేకపోతే పోకర్‌లో ఆటే మిగలదు. పందెం ఎంత చిన్నదైనా ఆ డబ్బు నిజంగా చేతులు మారాలి.

మేం ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. ఐదారు కుటుంబాల వాళ్లం శనివారం రాత్రి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఆడేది టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్: తలా రెండు సొంత ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు. బై-ఇన్ (ఆటలో కూర్చోవడానికి పెట్టే డబ్బు) 20 డాలర్లు, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) 10 సెంట్లు, 20 సెంట్లు. ఆ 20 పోతే ఇంకొక్కసారి తీసుకోవచ్చు, అంతే. అంటే ఒక రాత్రికి ఎవరికైనా 40 డాలర్లకు మించి పోదు. మా టేబుల్‌లో ఎక్కువసార్లు లాభంతో లేచేది నేనే. కాబట్టి ఈ ప్రశ్న మిగతావాళ్లకంటే నాకే ఎక్కువ వర్తిస్తుంది.

నేను గెలవడానికి కారణం భీమవరంలో మా అమ్మమ్మగారింట్లో నేర్చుకున్న రమ్మీ. సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ, పెదనాన్నలు, పిన్నులు చాప వేసుకుని కూర్చుంటే వాళ్ల వెనక కూర్చుని చూసేదాన్ని. ముక్కలు బాగోలేకపోతే అమ్మమ్మ క్షణం ఆలోచించకుండా డ్రాప్ అయ్యేది, అంటే ఆ ఆట వదిలేసేది. మొదట్లోనే డ్రాప్ అయితే పోయేది 20 పాయింట్లు, మిడిల్ డ్రాప్ (మధ్యలో వదిలేయడం) అయితే 40, ఆశపడి చివరిదాకా ఉండి ఇరుక్కుంటే 80. పోకర్‌లో నేను చేసేదీ అదే. చాలా చేతులు (నాకొచ్చిన ముక్కలు) మొదట్లోనే ప్యాక్ చేస్తాను, అంటే వదిలేస్తాను. మా టేబుల్‌లో బ్లఫ్‌లు (చేతిలో బలం లేకుండా బెదిరించే పందేలు) దాదాపు మానేశాను. పాట్‌లో (మధ్యలో పోగైన పందెం డబ్బు) 5 డాలర్లుంటే ఇంకో 5 పెట్టి బెదిరించాలంటే, ఎదుటివాళ్లు సగానికి పైగా సార్లు ప్యాక్ చేస్తేనే నాకు లాభం. ఇళ్లల్లో ఆడేవాళ్లు ప్యాక్ చేయరు. ముక్కలు చూడ్డానికే వచ్చారు కదా! అందుకే చేతిలో నిజంగా బలమున్నప్పుడే పెడతాను, బాగా పెడతాను. వాళ్లు కాల్ చేస్తారు, అంటే నేను పెట్టినంతా వాళ్లూ పెట్టి ఆటలో ఉంటారు.

నాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎవరు ఎక్కువగా కాల్ చేస్తే వాళ్ల దగ్గర నుంచి. మా టేబుల్‌లో ఒక అన్నయ్య ఉన్నారు. రెండు ముక్కలూ ఒకే కలర్ (ఒకే గుర్తు) అయితే చాలు, రివర్ (టేబుల్ మీద చివరి ముక్క) దాకా వస్తారు. నేను గెలిచేదాంట్లో పెద్ద భాగం ఆయనదే. అది తెలిసి కూడా ఏమీ చెప్పకుండా కూర్చోవడం నాకు నచ్చలేదు. ఒకరోజు అందరి ముందూ కాగితం మీద లెక్క రాసి చూపించాను. టర్న్ (టేబుల్ మీద నాలుగో ముక్క) అయ్యాక ఆయనకు కనపడని ముక్కలు 46. అప్పటికి ఒకే గుర్తువి నాలుగుంటే, ఐదోది వచ్చి కలర్ పూర్తిచేసేవి అందులో 9. అంటే దాదాపు ఐదింట ఒకసారి. పాట్‌లో 6 డాలర్లుండగా నేను 4 పెట్టాననుకోండి. 10 డాలర్ల కోసం ఆయన 4 పెట్టాలి. ఐదింట ఒకసారే వచ్చేదానికి అది చాలా ఎక్కువ ధర. అలా కాల్ చేసిన ప్రతిసారీ సగటున డాలరు పావు దాకా పోతోంది.

ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "చెల్లెమ్మా, వారమంతా ఆఫీసులో లెక్కలే. ఇక్కడ కలర్ కలిస్తే చూడాల్సిందే. ఆ ఇరవై డాలర్లు సినిమాకి పెట్టాననుకుంటా" అన్నారు. ఆ తర్వాత నాకు మనసులో ఏ ఇబ్బందీ లేదు. ఆయన తెలిసి ఆడుతున్నారు, పోతే ఎంత పోతుందో కూడా తెలుసు. ఆయన ఎదురుగా ఉన్నారని నేను తక్కువ పెడితే అది ఆయన్ని చిన్నపిల్లాడిలా చూడటం అవుతుంది.

దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. దాన్ని మనవాళ్లు తప్పుగానే అనుకోరు. భార్యాభర్తలు, బావాబావమరదులు ఒకే టేబుల్‌లో కూర్చుని ఒకరి మీద ఒకరు పెట్టకుండా చెక్, చెక్ అనుకుంటూ పోవడం. పాట్‌లో వాళ్లిద్దరే ఉంటే వాళ్ల ఇష్టం. కానీ మూడో మనిషి డబ్బు కూడా అందులో ఉన్నప్పుడు, ఆ మనిషి మీద మాత్రం రైజ్ చేసి (పందెం పెంచి) తమ వాళ్లని వదిలేస్తే అది కూడబలుక్కుని ఆడటమే. ప్రేమతో చేసినా సరే. మా ఆయన మీద నేను అందరి మీద పెట్టినట్టే పెడతాను. మొదట్లో చూసేవాళ్లకి వింతగా ఉండేది. ఇప్పుడు మా ఇద్దరిలో ఎవరు రైజ్ చేసినా ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో అలవాటు, ప్రతి పాట్ నుంచీ బిర్యానీకని డాలరు పక్కన పెట్టడం. మా ఇంట్లో దీనికి ఒప్పుకోను. బిర్యానీ ఖర్చు తలా ఇంత అని ముందే వేసుకుంటాం. టెక్సాస్ పీనల్ కోడ్ 47.02లో ఇంటి ఆటకు రక్షణ ఉంది, షరతులతో. ఆట ప్రైవేటు స్థలంలో జరగాలి, ఆడి గెలిచింది తప్ప ఎవరికీ వేరే ఆర్థిక లాభం ఉండకూడదు, నైపుణ్యం, అదృష్టం పక్కన పెడితే గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. నాకు ఆసక్తిగా అనిపించింది ఏమిటంటే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కె. సత్యనారాయణ కేసులో మన సుప్రీంకోర్టు కూడా 1960ల్లోనే ఇలాంటి గీతే గీసింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అంది. అయితే ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ ఆ ఆట మీద లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చనీ అంది. ఆడి గెలిచినవాళ్లది ఒక దారి, ఆడించి సంపాదించేవాళ్లది ఇంకో దారి. పాట్‌లోంచి తీసిన బిర్యానీ డబ్బు మిగిలి ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోతే అది రెండో దారే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సరదాపడి కూర్చుంటే చిప్స్‌తోనే (పందెం బిళ్లలు), డబ్బు లేకుండా ఆడతాం. అప్పు మీద ఆట లేదు. డబ్బు ముందే పెట్టాలి. ఈ రెండింటి మీదా మాలో ఎప్పుడూ గొడవ రాలేదు.

ఇప్పుడు గొడవంతా బై-ఇన్ 100 డాలర్లు చేద్దామన్నదాని మీద. ఇద్దరు ముగ్గురు గట్టిగా అడుగుతున్నారు. ఆటగా చూస్తే వాళ్ల కోరిక న్యాయమే. 20 సెంట్ల కోసం ఎవరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడరు. పైగా అలా పెంచితే ఎక్కువ లాభపడేది నేనే. అయినా నేను వద్దనే అన్నాను. ఇక్కడ హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. మా గుంపులో ఆ టెన్షన్ చూసిన ఇళ్లున్నాయి. అలాంటి నెలలో కూడా ఒక మనిషి 20 డాలర్లతో వచ్చి నలుగురిలో కూర్చోగలడు. 100 అంటే కూర్చోలేడు, ఎందుకు రావట్లేదో చెప్పుకోనూ లేడు.

పెద్ద పందెం కావాలన్నవాళ్లు శుక్రవారం వేరే టేబుల్ పెట్టుకోమన్నాను. పిలిస్తే నేనూ వెళ్తాను, గెలవాలనే ఆడతాను. శనివారానికి మాత్రం 20 డాలర్లే ఉంచమని అడుగుతున్నాను. మా ఆయన, ఆ కలర్ అన్నయ్య నా వైపున్నారు. మిగతావాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు.