మిషన్ మీద పిల్లల టోపీలు అల్లాను, పని ఎక్కువ పట్టింది లోపలి వైపే

క్యాన్సర్ చికిత్సతో జుట్టు రాలిపోయిన పిల్లలకు టోపీలు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ఇంట్లో అల్లిక మిషన్ ఉంది, గుడ్డ చకచకా దిగిపోతుంది, ఇంకేం అనుకున్నాను. గుడ్డ దిగడం నిజమే కానీ, ఆ తర్వాత పనంతా చేత్తోనే.

వాళ్ల షరతులు కొన్నే. మెత్తగా ఉండాలి, వాషింగ్ మెషిన్‌లో వేసినా పాడవకూడదు, గుండీలు, పూసలు, గడ్డం కింద కట్టుకునే తాళ్లు వద్దు. పూస ఊడితే చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటారు, తాడు మెడకు చుట్టుకోవచ్చు, కాబట్టి సబబే. అంటే అందమంతా అల్లికలోనే రావాలి. గొర్రె ఊలు గుచ్చుకుంటుందని మెత్తటి అక్రిలిక్ తీసుకున్నాను.

నాది 200 సూదుల మామూలు పంచ్ కార్డ్ మిషన్ (చిల్లులున్న కార్డ్ పెడితే ఆ ప్రకారం డిజైన్ అల్లుతుంది), సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్లు. చాలాకాలం వాడకుండా ఉంచిన మిషన్ అయితే ముందు స్పాంజ్ పట్టీ మార్చండి. సూదులను నొక్కిపట్టేది అదే, అది నలిగి చదునైపోతే సూదులు పైకి లేచి, వాటి మీదుగా అటూ ఇటూ నడిపే క్యారేజ్ మధ్యలో బిగుసుకుపోతుంది, మనమేమో ఊలును తిట్టుకుంటూ కూర్చుంటాం.

శాంపిల్ ముక్కను రెండు రంగుల డిజైన్‌తోనే అల్లి, ఉతికి, ఆరాక కొలిచాను. 10 సెంటీమీటర్లకు 28 కుట్లు, 40 వరసలు వచ్చాయి. నాలుగైదేళ్ల పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు. టోపీ అంతకన్నా కాస్త తక్కువ ఉంటేనే జారకుండా నిలుస్తుంది, కానీ రెండు రంగుల అల్లిక అంతగా సాగదు కాబట్టి మరీ తగ్గించకూడదు. పంచ్ కార్డ్‌లో డిజైన్ 24 కుట్లకోసారి తిరిగి వస్తుంది, అందులో సగం తీసుకుని 12 కుట్ల డిజైన్ వేసుకుంటే పదకొండుసార్లకు 132, అంచు కుట్టుకు రెండు, మొత్తం 134. దాదాపు 47 సెంటీమీటర్లు.

డిజైన్‌గా ఏనుగు వేద్దామని నా ఆశ. ముందు వైపు బ్రహ్మాండంగా వచ్చింది, తిప్పి చూస్తే వాడని రంగు దారం వెనక పొడుగ్గా అడ్డంగా వేలాడుతోంది. నాలుగైదు కుట్లు దాటితే ఆ దారంలో చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి, పైగా ఈ పిల్లలకు జుట్టు అడ్డం లేదు, ప్రతి ముడీ నేరుగా చర్మానికే తగులుతుంది. ఏనుగును వదులుకోవడం ఇష్టం లేక లోపల పూర్తి లైనింగ్ పెట్టాను.

అదెలాగంటే, ముందు పనికిరాని దారంతో కొన్ని వరసలు అల్లి, దానిమీద లైనింగ్ రంగుతో సాదాగా 80 వరసలు, కుట్లు కాస్త బిగుతుగా రావడానికి టెన్షన్ డయల్ ఒక అంకె తగ్గించి. టోపీ అంచుగా మారే మడత దగ్గర ఒకే ఒక్క వరస వదులుగా. తర్వాత డయల్ మామూలుకు తెచ్చి, కార్డ్ పెట్టి, డిజైన్‌తో ఇంకో 80. చివరి కుట్లన్నీ సూదీదారంతో ఎక్కించుకుని బిగించి ముడేశాను. అవతలి చివర కూడా అంతే, పనికిరాని దారం విప్పేసే ముందు కుట్లు ఎక్కించుకోవాలి, లేకపోతే జారిపోతాయి. పక్క అంచులు రెండూ కలిపి మొదటి నుంచి చివరిదాకా కుట్టేస్తే రెండు వైపులా మూసిన పొడుగాటి గొట్టం తయారవుతుంది. సగాన్ని మిగతా సగంలోకి తోసేయడమే! కుట్టు గట్టు, వేలాడే దారాలు, ముడులు అన్నీ రెండు పొరల మధ్యకు వెళ్లిపోతాయి. లోపల చెయ్యి పెట్టి రుద్దుకుంటే ఎక్కడా ఏమీ తగల్లేదు, నాకు ఏనుగుకన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఇస్త్రీ పెట్టె తగిలించకండి, కాస్త ఎత్తులో పట్టుకుని ఆవిరి చూపిస్తే చాలు. వేడి ఎక్కువైతే అక్రిలిక్ సాగే గుణం పోయి వేలాడిపోతుంది, మళ్లీ బాగుపడదు.

లైనింగ్ ఉన్నవి బరువూ వెచ్చదనమూ ఎక్కువ, అందుకే సగం టోపీలు పొరలేకుండా చిన్న చుక్కల డిజైన్‌తో చేశాను. ఇచ్చేటప్పుడు వాళ్లు ఇంకో మాట చెప్పారు, అందరూ చిన్నపిల్లలవే తెస్తున్నారట, పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లకు సరిపోయేవి దొరకట్లేదట. వాళ్లకు ఏనుగులు, చుక్కలు అక్కర్లేదు, నలుపు గానీ బూడిద రంగు గానీ సాదాగా ఉంటే చాలు. ఇప్పుడు 146 కుట్లతో అవే అల్లుతున్నాను, కార్డ్ పని లేదు కాబట్టి క్యారేజ్ హాయిగా నడుస్తోంది.