బండి పుస్తకంలో కొత్త గడి

కాలువకి నీళ్లొచ్చి ఇవాళ్టికి మూడో రోజు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువని కృష్ణ పాయ దాటించే పులిగడ్డ అక్విడెక్టు మీదుగా మా దివిసీమ చివరి బోదెల్లోకి, అంటే చేల పిల్లకాలువల్లోకి, వచ్చేసరికి పై ఊళ్లవాళ్ల నాట్లు సగం అయిపోతాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు రావడం మొదలయ్యాక కాస్త నయమే గానీ, చివరి చేలవాళ్ల ఆత్రం మాత్రం తగ్గలేదు. నీళ్లు ఆలస్యమయ్యే కొద్దీ మడిలో నారు ముదిరిపోతుంటుంది. అందుకే నీళ్లు తగిలిన వారంలోనే అందరికీ దమ్ము కావాలి, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టిన చేను ట్రాక్టరుతో బురదగా కలియదున్నడం. అందరికీ అంటే, ఒకే ట్రాక్టరు మీద ఆధారపడ్డ మా నాలుగిళ్లకీ.

బండి 2019లో కొన్నాం, సెకండ్‌హ్యాండ్‌ది. నాలుగు లక్షలు, ఇంటికి లక్ష. మా బావగారు, మా ఆయన, మా ఆడపడుచు భర్త (నాకు వరసకి అన్నయ్యగారు), పక్కచేను మావయ్యగారు. ఈ మావయ్యగారు మాకు చుట్టమేమీ కాదు, గట్టు ఒకటే కాబట్టి వరస కలిసింది. సీ బుక్కు, అదే బండి రిజిస్ట్రేషన్ కాగితం, బావగారి పేరు మీద ఉంది. నలుగురూ స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టుకున్నారు గానీ, రేపు రోడ్డు మీద ఏదన్నా జరిగితే ముందు పిలిచేది సీ బుక్కులో పేరున్న మనిషినే. "మీకు వాటా, నాకు భయం" అంటుంటారాయన. అందుకే ఇన్సూరెన్సు కట్టే తేదీ ఆయనకి పిల్లల పుట్టినరోజులకన్నా బాగా గుర్తు.

లెక్కల పుస్తకం మాత్రం నా దగ్గర. డిగ్రీ చదివిన కోడలు కదా అని పైకి చెబుతారు. అసలు సంగతి, ఆ నలుగురిలో ఒకరి రాతని ఇంకొకరు నమ్మరు. బండికి ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంది. తీసుకెళ్లేటప్పుడు దాని అంకె, తెచ్చాక దాని అంకె రాస్తాను. గంటకి 150 రూపాయలు హుండీలో పడాలి. 250 గంటలకోసారి ఇంజనాయిలు, టైర్లు, బ్యాటరీ అన్నీ అందులోంచే. డీజిలు ఎవరిది వాళ్లదే. ట్యాంకులో చీపురుపుల్ల ముంచి, ఏ గాటు దాకా తడి ఉంటే ఆ గాటు దాకా పోసి తిరిగివ్వాలి. ఆ పుల్ల దేవుడి గూట్లో ఉంటుంది. ఒకసారి మా అత్తగారు అగరొత్తి పుల్లనుకుని పారేశారు. కొత్త పుల్ల మీద గాట్లు పాతవాటికి సరిపోలేదని అన్నయ్యగారు వారం రోజులు సాధించారు.

ఇవాళ పొద్దున మావయ్యగారి చేలో దమ్ము. ఐదుంబావుకి తీసుకెళ్లి పదింబావుకి తెచ్చారు. దమ్ము చక్రాల నిండా బురద, ఒకవైపు యాక్సిల్ దగ్గర ఆయిలు కారుతోంది. నేను మీటరు చూసి 4.7 గంటలు అని రాశాను. 705 రూపాయలు. ఆయన పంచె చెంగున ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

"అమ్మాయ్, నిరుడు కోతలప్పుడు మీ బావగారు మిల్లుకి ధాన్యం తోలారు గుర్తుందా? పొద్దున తీసుకెళ్లిన బండి మధ్యాహ్నం మూడింటికి తెచ్చారు. నువ్వు రెండున్నర గంటలు రాశావు. నేను ఐదు గంటలు తిప్పితే ఐదు గంటలూ పడుతోంది. మీటరుకి కూడా చుట్టరికాలుంటాయా?"

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్లగానే పాత పుస్తకం తీశాను. ఉంది. నా చేతిరాతే. పొద్దున 3112.4, తెచ్చాక 3114.9. బావగారు మీటరు తీగ గానీ పీకేశారా అని ఒక్క నిమిషం అనుకున్న మాట నిజం. మా ఆయనతో అంటే, "ఊరుకో, అన్నయ్య అలాంటోడా" అన్నారు గానీ గొంతులో అంత గట్టితనం లేదు.

ఆయిల్ సీల్ మార్చడానికి మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. దమ్ము చేస్తే సీళ్లలోకి బురద పోవడం మామూలే. పని అయ్యాక మీటరు సంగతి అడిగాను. "అది గడియారం కాదమ్మా, మన బండిది కేబుల్ మీటరు. ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. మంచి రేజ్‌లో ఉంటే గంటకి గంట చూపిస్తుంది, లేకపోతే నిద్రపోతుంది" అన్నాడు. నమ్మలేదని గ్రహించాడేమో, బండి స్టార్ట్ చేసి, సూది నిమిషానికి 700 చుట్ల దగ్గర వదిలేసి టీ తాగడానికి కూర్చున్నాడు. నేను సీటు పక్కన నిలబడి ఫోన్ పట్టుకుని మీటరులో చివరి ఎర్ర అంకెనే, అంటే గంటలో పదో వంతునే, చూస్తున్నా. ఆరు నిమిషాలకి ఒక్క అంకె మారాలి కదా. ఆరయింది, పదయింది. ఎర్ర అంకె సగం లేచి, ఇటు పాతదీ కాక అటు కొత్తదీ కాక వేలాడుతోంది. పదిహేడో నిమిషంలో టక్కున పడింది. తర్వాత లివర్ లాగి రేజ్ పెంచాడు. సూది 1800కి వెళ్లింది. ఈసారి ఏడు నిమిషాలు కూడా పట్టలేదు. పొగకి మా అత్తగారు లోపలినుంచి తిట్టడం మొదలెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు కోతలనాటికి బ్యాటరీ వీకైపోయింది. ఆపితే మళ్లీ సెల్ఫ్ అందదని మిల్లు దగ్గర వరసలో ఉన్నంతసేపూ బావగారు ఇంజను ఆపలేదు. నాలుగైదు గంటలు అలా గుడుగుడుమంటూ నిలబడింది. మీటరు దాన్ని గంటన్నరగా లెక్కగట్టింది. ఎవరూ తీగ పీకలేదు. లోపల్లోపల నేను సిగ్గుపడ్డాను.

అలాగని మావయ్యగారిదీ తప్పు కాదు. ఇంజను అరుగుదల వరకు మీటరు చెప్పిందే న్యాయం. కానీ ఆ రోజు బండి కోసం ఆయన గట్టు మీద మూడింటిదాకా కూర్చున్నారు, అది ఏ మీటరులోనూ పడలేదు. ఏడాదిలో తొమ్మిది నెలలు చింతచెట్టు కింద కోళ్లు ఎక్కే బండి ఇది. మేం కొట్టుకునేదల్లా దమ్ముకి నాలుగు రోజులు, కోతలకి నాలుగు రోజులు. లక్ష పెట్టి కొనుక్కున్న వాటా ఆ ఎనిమిది రోజుల్లోనే ఉంది.

సాయంత్రం స్కేలు పెట్టి పుస్తకంలో ఇంకో గడి గీశాను. తీసుకెళ్లిన టైము, తెచ్చిన టైము. దాన్నిబట్టి డబ్బులు ఎలా లెక్కగట్టాలో నాకింకా తెలియదు. నాట్లయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మా ఆయన సలహా. రేపు బావగారి వంతు, నాట్లేసే కూలీల ముఠా కూడా ఖాయం. ఎల్లుండికి ముఠాని మాట్లాడుకుని అన్నయ్యగారు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశారు. చెప్పకుండా ఎలా?

ఎనిమిదింటికి బావగారు పుల్ల కోసం వచ్చి పుస్తకం చూశారు. "ఇదేంటమ్మా కొత్త గడి?" అన్నారు. మీటరు సంగతి, మిల్లు సంగతి, ఎర్ర అంకె సంగతి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా.

"ఆ రోజు వాడు గట్టు మీదే ఉన్నాడా? అంతసేపా?" అన్నారు.

"అవునంట బావగారూ."

"నాకు చెప్పలేదే" అని పుల్ల తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "రేపు నాలుగున్నరకి తీస్తాను, టైము రాసుకో. నిద్రపోయేవు."

ఫోన్‌లో 4:20కి అలారం పెట్టాను.