మామయ్య లెన్సుకు తగిన కెమెరా

నాకు కెమెరా కావలసింది ముఖ్యంగా గంగమ్మ జాతర కోసం. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకున్నవాళ్లు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాలతో తిరుపతి వీధుల్లో తిరుగుతుంటే పగటిపూట ఫోనుతోనే మంచి ఫొటోలు వస్తాయి. చివరి రోజు తెల్లవారుజామున విశ్వరూప దర్శనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫోను చేతులెత్తేస్తుంది. దీపాల వెలుతురులో ముఖాలన్నీ మైనం పూసినట్టు నున్నగా వస్తాయి. అందుకే లెన్సులు మార్చుకోగల డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి కొందామనుకున్నాను. పెట్టగలిగింది 35,000 రూపాయలు.

గాంధీ రోడ్డు వైపు ఒక దుకాణంలో కేనన్ 1500డి చూపించారు. 24.1 మెగాపిక్సెళ్లు, కెమెరాతో కలిపి ఇచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సు, చేతికి తేలిక. దానికంటే చౌకలో 3000డి ఉంది కానీ, అందులో లెన్సు బిగించే చోటు కూడా ప్లాస్టిక్కే. దుకాణంలో అబ్బాయి మెగాపిక్సెళ్ల దగ్గరే తిరుగుతున్నాడు. "చీకట్లో ఎలా తీస్తుంది?" అని అడిగితే "ఫ్లాష్ ఉంది కదా మేడం" అన్నాడు. అమ్మవారి ముందు దీపాల వెలుగును ఫ్లాష్ వేసి చంపుకోవడానికి ఇంత డబ్బు ఎందుకు?

ఆ సాయంత్రం మా మామయ్యకు ఫోన్ చేశాను. చిత్తూరులో చాలాకాలం స్టూడియో నడిపిన మనిషి.

"కిట్ లెన్సును 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదమ్మా. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. 1.8 లెన్సయితే దానికి తొమ్మిది రెట్ల పైగా వెలుతురు లోపలికి వస్తుంది. బీరువాలో నా నికాన్ 50 ఎంఎం 1.8డి ఉంది. బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాను. దానికి తగిన బాడీ చూసుకో."

నికాన్ కెమెరాకు లెన్సు బిగించే ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. ఆ కంపెనీ డీఎస్ఎల్ఆర్ ఏది కొన్నా ఈ లెన్సు బిగుస్తుందని ధీమాగా ఉన్నాను. బిగుస్తుంది కూడా. చిక్కంతా ఫోకస్ దగ్గర ఉంది. ఈ డి రకం లెన్సులో మోటారు ఉండదు. కెమెరా బాడీలోని మోటారు చిన్న ఇరుసుతో దాన్ని తిప్పాలి. డి3500లో, డి5600లో ఆ మోటారు లేదు. వాటికి తగిలిస్తే రింగు చేత్తో తిప్పుతూ ఫోకస్ చేసుకోవాల్సిందే. కదిలే వేషాల వెంట పరుగెడుతూ అది నావల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు కాలం లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలదని కాలేజీలో సహోద్యోగులు చెప్పారు గానీ, నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ కెమెరాకు పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఈ లెన్సుకు ఆటోఫోకస్ రాదు. పైగా ఆ ధర నా జీతానికి అందేది కాదు.

ఇక మిగిలింది డి7000 వరుస. డి7100, డి7200, డి7500 అన్నింటిలోనూ మోటారు ఉంది. కొత్తవి నా డబ్బుకు రావు. పాతవైతే దొరుకుతాయి, ఎందుకంటే పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఒక్కొక్కరే మిర్రర్‌లెస్‌కు మారుతూ వీటిని వదిలించుకుంటున్నారు. మామయ్యే వాకబు చేసి, చిత్తూరు కట్టమంచిలో ఒకాయన దగ్గర డి7200 ఉందని చెప్పాడు. తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్లాను. మామయ్య మోకాళ్ల నొప్పులతో రాలేక లెన్సు మాత్రం నా చేతిలో పెట్టి పంపాడు.

పాత కెమెరా కొనేవాళ్లకు నికాన్‌తో ఒక సుఖముంది: ఫొటో ఫైలులోనే షట్టర్ ఎన్నిసార్లు పడిందో రాసి ఉంటుంది. అక్కడికక్కడే ఒక ఫొటో తీసి, కార్డును లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. 60 వేలు దాటింది. డి7200 షట్టర్‌ను కంపెనీ 1,50,000 సార్లకు పరీక్షించింది కాబట్టి బెంగ పడలేదు. తర్వాత మేడ మీదికి వెళ్లి ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీశాను. సెన్సర్ మీద దుమ్ముంటే అప్పుడే నల్లచుక్కలుగా బయటపడుతుంది. పై మూలన నాలుగైదు కనిపించాయి, తుడిపిస్తే పోయేవే. రెండు కార్డు అరలూ పనిచేస్తున్నాయి. పట్టు దగ్గర రబ్బరు కొంచెం లేచింది.

చివరికి మామయ్య లెన్సు తగిలించాను. తెర మీద ఎఫ్ఈఈ అని వెలిగింది, షట్టర్ పడలేదు. కెమెరా అమ్ముతున్నాయన ముఖం మాడిపోయింది. "మా ఇంట్లో ఎప్పుడూ ఇలా రాలేదమ్మా, మీ లెన్సే పాడయినట్టుంది" అన్నాడు. మామయ్యకు ఫోన్ కలిపాను. నవ్వాడు. "లెన్సు మీద రంధ్రం పెంచి తగ్గించే అపర్చర్ రింగుంది చూడు, దాన్ని 22 దగ్గరికి తిప్పి పక్కనున్న తాళం వెయ్యి." వేశాను. మోటారు గుర్రుమంటూ తిరిగి ఎదురింటి గేటు మీద ఫోకస్ నిలిచింది. కొత్త లెన్సులకు ఆ రింగే ఉండదు, అందుకే అమ్ముతున్నాయన ఎప్పుడూ చూడలేదు.

రబ్బరు, చుక్కలు చూపించి బేరమాడితే 29,000 దగ్గర తెగింది. మిగిలిన దాంట్లో పాత 18-55 ఒకటి, కార్డు ఒకటి కొన్నాను. 18-55 ఎందుకంటే, ఈ కెమెరాలో సెన్సర్ చిన్నది, 50 లెన్సు 75లా, అంటే దగ్గరికి లాగినట్టు, చూపిస్తుంది. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడితే సగం మహలే పడుతుంది. మనుషుల ముఖాలకు మాత్రం ఆ దూరం హాయిగా ఉంటుంది.

జాతరలో 1.8 దగ్గర అంచులు మెత్తగా వచ్చాయి. 2.2కి తెచ్చి, సెన్సర్ సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 3200 పెట్టి తీశాను. రంగులో కొంచెం గరుకుదనం కనిపిస్తుంది కానీ కళ్లు స్పష్టంగా పడ్డాయి, వేషధారుల నుదుటి చెమట కూడా.

మా కాలేజీలో తెలుగు మేడం ఇది చూసి తనకూ ఇలాంటిదే చూడమంది. ఆమెకు కావలసింది పాఠాలు వీడియో తీయడం. వద్దన్నాను. తెర మీద చూస్తూ తీసేటప్పుడు దీని ఫోకస్ నిదానం, మోటారు చప్పుడంతా వీడియోలో పడుతుంది, తెర కూడా తిరగదు. ఆమె కోసం ఇప్పుడు తెర తిరిగే పాత డి5600, మోటారున్న లెన్సుతో, వెతుకుతున్నాం.