చట్రం లేని బండి

మా పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరును ఈ రోజు ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య రెండుగా విడదీశాము. ఇంజను బోరుకు వచ్చిందన్న, అంటే లోపలి భాగాలు అరిగిపోయి విప్పి బాగుచేయవలసిన స్థితికి వచ్చిందన్న సంగతి నూర్పిళ్ల నాటికే తెలిసిపోయింది. పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయించేది, బ్రీదరు గొట్టం నుంచి పొగ వచ్చేది, వేడెక్కిన తరువాత ఆయిలు మీటరు ముల్లు కిందికి జారిపోయేది. పిస్టన్లు, అవి ఆడే గొట్టాల్లాంటి లైనర్లు మాత్రమే అరిగి ఉంటే పైన హెడ్డు, కింద ఆయిలు సంపు విప్పి, బండిని విడదీయకుండానే కొత్త కిట్టు వేయవచ్చు. చాలామంది రైతులు ఆ పనితోనే సరిపెడతారు. మా బండికి మాత్రం క్లచ్ హౌసింగు అడుగు రంధ్రం నుంచి నల్లని నూనె కూడా కారుతోంది. గేరు బాక్సులోని నూనె అంతగా నల్లబడదు కాబట్టి, ఇది క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇంజను ప్రధాన ఇరుసు) వెనుక సీలు దాటి వస్తున్న ఇంజను ఆయిలేనని మెకానిక్ బాబాయి తేల్చారు. ఆ సీలు ఫ్లైవీలు చాటున ఉంటుంది. దానిని చేరాలన్నా, క్రాంకును గ్రైండింగుకు పంపాలన్నా బండిని విడదీయక తప్పదు.

లారీకైతే చట్రం ఉంటుంది; ఇంజను బయటికి తీసినా బండి తన చక్రాల మీద తాను నిలబడుతుంది. ఈ ట్రాక్టరుకు చట్రమే లేదు. ముందు ఇరుసును మోసే దిమ్మ, ఇంజను, గేరు బాక్సు, వెనుక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, ఆ పోత ఇనుమే వెన్నెముకగా పనిచేస్తుంది. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో బాగా వ్యాపించిన ఈ పద్ధతినే ఆ తరువాత ఫెర్గూసన్ బండ్లూ అనుసరించాయి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ తయారు చేసిన మా బండి కూడా ఆ వంశానిదే. బరువు తగ్గించడానికీ, ఖర్చు కలిసిరావడానికీ ఇది చక్కని ఏర్పాటే గాని, మరమ్మతు నాడు దాని మూల్యం తెలుస్తుంది. మధ్యలో బోల్టులు ఊడిన క్షణం నుంచి టన్నున్నర దాటిన బండి రెండు వేరు వేరు బరువులవుతుంది, ఆ రెండింటిలో ఏదీ తనంత తాను నిలబడదు. వెనుక సగం ముక్కు నేలకు వాలుతుంది. ముందు సగం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ముందు ఇరుసు నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా అమర్చి ఉంటుంది. గట్ల మీద ఎగుడుదిగుడుగా నడవడానికి పనికివచ్చే ఆ ఊగుడే, వెనుక ఆధారం పోగానే ఇంజనును పక్కకు బోర్లా పడేయగలదు.

అందుకే పొద్దున చాలాసేపు బోల్టుల జోలికి పోకుండా ఆధారాల పనే చేశాము. బండిని పశువుల కొట్టం ముందున్న సిమెంటు చపటా మీదికి తెచ్చి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు తన్ని, హైడ్రాలిక్ చేతులను పూర్తిగా దించాము. ముందు ఇరుసుకూ దాని పైనున్న దిమ్మకూ మధ్య ఇరువైపులా గట్టి చెక్క చీలికలు దిగగొట్టి ఊగుడును ఆపాము. గేరు బాక్సు ముక్కు కింద ఇనుప స్టాండ్లు నిలిపాము. మా ఊళ్లో ఇటువంటి పనికి ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం నేను చూశాను. బరువు ఒక్క మూల మీద పడితే అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి కాబట్టి బాబాయి వాటిని దగ్గరికి రానివ్వరు.

తరువాత విప్పుడు పని. మొదట బ్యాటరీ ఎర్తు వైరు, ఆపై రేడియేటరు నీళ్లు, ఇంజను ఆయిలు, బానెట్టు, డీజిలు ట్యాంకు. స్టీరింగు పెట్టె నుంచి ముందు చక్రాలకు రెండు వైపులా పోయే రాడ్లు, సెల్ఫు మోటారు, ఆయిలు మీటరు గొట్టం, హీటు మీటరు తీగ, యాక్సిలరేటరు రాడ్డు, ఇంజను ఆపే తీగ అన్నీ ఊడదీసి, ఏ నట్టు ఎక్కడిదో తెలిసేలా డబ్బాల మీద సున్నంతో రాశాము. ఇది విసుగు పుట్టించే పని, నాకు ఇందులో ఏ ఆనందమూ లేదు.

జాయింటు దగ్గర పైనున్న రెండు బోల్టులు తీసి, వాటి చోట పొడవైన స్టడ్లు బిగించాము. విడిపోయేటప్పుడు ఇంజను వాటి మీదుగా నేరుగా జారాలే తప్ప, గేరు బాక్సు షాఫ్టు మీద బరువు వేసి క్లచ్ ప్లేటును వంచకూడదు. సంపు కింద చెక్క పలక పెట్టి, చక్రాల ట్రాలీ జాకీతో బరువు అందుకుని, మిగిలిన బోల్టులు తీశాము. బండి కదలలేదు. సహాయానికి వచ్చిన కుర్రాడు ఉలీ సుత్తీ అందుకోబోతే, బాబాయి నవ్వి, "సుత్తి పక్కన పెట్టరా, ఎక్కడో బోల్టు మిగిలింది, వెతుకు" అన్నారు. దమ్ము మట్టి ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడిన అడుగుభాగంలో నిజంగానే ఒకటి దాగి ఉంది. అతుకులో ఉలి దిగగొట్టి ఉంటే పోత ఇనుము చెవి విరిగేది. ఆ హౌసింగు కొత్తది కొనాలంటే ఇంజను పనంత ఖర్చు.

అది ఊడగానే అతుకులో సన్నని సందు కనిపించింది. సందు పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటే జాకీ ఎత్తు సరిగ్గా లేదని అర్థం. బాబాయి జాకీని కొద్దికొద్దిగా సరిచేస్తూ నాలుగు వైపులా ఒకే వెడల్పు వచ్చేదాకా ఆగమన్నారు. ఆ సందులో ఎవరూ వేలు పెట్టకూడదని, ఇంజను కింద కాలు ఉంచకూడదని ముందే గట్టిగా చెప్పారు. ఇద్దరం చెరొక ముందు చక్రం పట్టుకుని సమంగా దొర్లించాము. పొద్దుటి నుంచి సిద్ధం చేసిన పని కాసేపట్లో ముగిసింది. ఇంజను కింద వెంటనే స్టాండ్లు పెట్టి జాకీ మీది బరువు దించాము, ఎందుకంటే జాకీ ఎత్తడానికి పనికివస్తుంది గాని రాత్రంతా మోయడానికి కాదు.

మధ్యాహ్నం చైన్ బ్లాకుతో ఇంజనును పట్టి, ముందు ఇరుసు దిమ్మ నుంచి వేరు చేసి బల్ల మీదికి తెచ్చాము. క్లచ్ ప్లేటు నూనెతో తడిసి ఉంది, సీలు పెదవి రాయిలా గట్టిపడింది. బేరింగు క్యాపులన్నిటికీ వాటి స్థానం తెలిసేలా పంచి గుర్తులు వేసిన తరువాతే విప్పాము, ఎందుకంటే ఏ క్యాపు దాని చోటికే తిరిగి పోవాలి. క్రాంకు మీద బేరింగులు కూర్చునే భాగాలైన జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిస్తే గుండ్రం తప్పి కోడిగుడ్డు ఆకారానికి తిరిగాయి. ఇంతకు ముందు ఒకసారి టెన్ సైజుకు, అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు తగ్గేలా, గ్రైండింగు అయిన క్రాంకు కనుక, ఇప్పుడు ట్వంటీకి వెళ్లాలి.

కాలువలకు నీళ్లు వదలగానే దమ్ములు మొదలవుతాయి కనుక ఆలస్యం పనికిరాదు. రేపు క్రాంకునూ బ్లాకునూ విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోవాలి. బేరింగులు ఈ రోజే తెచ్చుకుందామని నేనంటే బాబాయి వద్దన్నారు. గ్రైండింగు రాయి పట్టినప్పుడు క్రాంకు మీద ఎక్కడైనా లోతైన గీత బయటపడితే థర్టీ సైజు దాకా పోవలసి రావచ్చు, అప్పుడు ట్వంటీ బేరింగులు మన చేతిలో మిగిలిపోతాయి. గ్రైండింగు అయ్యాక కొలత చూసి కొనాలని నిర్ణయించుకున్నాము. వెనుక సగం చుట్టూ తాడు కట్టి, సీటు ఎక్కవద్దని పిల్లలకు చెప్పి వచ్చాను.